డీవీడీ నుంచి ఫైలుకి... తొందరపడితే తిరిగి రాదు!

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా అక్క పెళ్లి డీవీడీలు మూడు నా చేతికొచ్చాయి. ల్యాప్‌టాప్‌లో జాగా తక్కువ. నెట్‌లో దొరికిన ఏదో ఉచిత కన్వర్టర్‌లో వేసి, ఆరు గంటల వీడియోని 700 ఎంబీకి కుదించేశా. ‘భలే చేశావురా’ అన్నారు ఇంట్లో అందరూ. ఇల్లు మారేటప్పుడు ఆ డిస్కులు కాస్తా పాత సామాన్లతో పాటు పోయాయి. ఫైలు ఉందిగా అని ఎవరూ పట్టించుకోలేదు.

రెండేళ్ల తర్వాత తాతయ్య పోయారు. ఆయన నవ్వుతూ అక్షింతలు వేసే దృశ్యాన్ని ఫొటోగా ప్రింట్ తీయిద్దామని ఆ ఫైలు తెరిచా. ముఖమంతా గళ్లు గళ్లు. చెయ్యి కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు. మళ్లీ మొదలుపెడదామంటే డిస్కుల్లేవు.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇదంతా. ఇంకో సంగతి... ఓటీటీ, ఎడిటింగ్, స్ట్రీమింగ్ రంగాల్లో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్లకు ఇవే ఓనమాలు.

అసలు డిస్కులో ఏముంటుంది?

డీవీడీని కంప్యూటర్‌లో తెరిస్తే ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో వీఓబీ ఫైళ్లుంటాయి. ఒక్కోటీ 1 జీబీ దాటదు. అందుకే పెళ్లి తంతు ముక్కలుగా ఉన్నట్టనిపిస్తుంది. లోపలి వీడియో సాధారణంగా ఎంపెగ్-2 కోడెక్‌లో ఉంటుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో చిత్రం సైజు 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు.

మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. రెండు గంటల వీడియోతో అది నిండిందంటే సెకనుకు సుమారు 5 మెగాబిట్ల సమాచారం ఉన్నట్టు. నేను చేసిన 700 ఎంబీ ఫైలులో? సెకనుకు పావు మెగాబిట్టే! ముఖం గళ్లు పడక ఏమవుతుంది?

మరి దువ్వెన గీతలెందుకు? పాత టీవీల కోసం తీసిన వీడియోలో ప్రతి ఫ్రేమునూ రెండు సగాలుగా దాస్తారు. బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఇంకొకటి. దీన్నే ఇంటర్‌లేసింగ్ అంటారు. ఆ రెండూ కంప్యూటర్ తెరపై ఒకేసారి కనిపిస్తే కదిలే వస్తువుల అంచులు చీలిపోతాయి. మార్చేటప్పుడు డీఇంటర్‌లేస్ చేయాలి. నేను చేయలేదు.

క్యారియర్ వేరు... కూర వేరు

‘ఎంపీ4 మంచిదా, ఎంకేవీ మంచిదా?’ అని చాలామంది అడుగుతారు. ఇవి రెండూ కంటెయినర్లు... అంటే టిఫిన్ క్యారియర్లు. లోపలి కూర ఎలా వండారన్నది కోడెక్. క్యారియర్ మార్చినంత మాత్రాన కూర రుచి మారదు.

ఎంపీ4: ఫోన్, స్మార్ట్ టీవీ, వాట్సాప్... దాదాపు ఎక్కడైనా ఆడుతుంది. ఇంట్లోవాళ్లకు పంపడానికి ఇదే సరి.

ఎంకేవీ: ఎన్ని ఆడియో ట్రాక్‌లైనా, సబ్‌టైటిళ్లైనా, చాప్టర్లైనా పడతాయి. దాచుకోవడానికి బాగుంటుంది. కొన్ని టీవీలు మాత్రం తెరవవు.

ఇక కోడెక్‌లు. 2003లో వచ్చిన హెచ్.264ని దాదాపు ప్రతి పరికరమూ గుర్తుపడుతుంది. 2013 నాటి హెచ్.265 దాదాపు అదే నాణ్యతను ఇంచుమించు సగం సైజులో ఇస్తుంది. కానీ మార్చడానికి ఎక్కువ సమయం పడుతుంది, పాత పరికరాలు మొరాయిస్తాయి. 2018లో వచ్చిన ఏవీ1 రాయల్టీ లేనిది. పాత ఫోన్లకు మాత్రం బరువు. డీవీడీ వీడియో సైజే చిన్నది కాబట్టి ఇంటి అవసరానికి హెచ్.264 చాలు.

ఏ సాఫ్ట్‌వేర్ దేనికి?

మేక్ ఎంకేవీ: వీడియోని మళ్లీ కుదించకుండా, ఉన్నది ఉన్నట్టు ఎంకేవీలో పెడుతుంది. నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. డీవీడీలకు ఉచితంగానే పనిచేస్తుంది. ఎప్పుడైనా మొదటి పని ఇదే.

హ్యాండ్‌బ్రేక్: ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. కాన్‌స్టంట్ క్వాలిటీలో 18 నుంచి 22 మధ్య అంకె పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి. 1080పీకి పెంచకండి. లేని వివరం పుట్టుకురాదు, ఫైలు ఊరికే లావవుతుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్: 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన కమాండ్ లైన్ టూల్. బటన్లు ఉండవు, నేర్చుకోవడం కాస్త కష్టం. కానీ ఒక్క స్క్రిప్ట్ రాస్తే యాభై ఫైళ్లు వరసగా మారిపోతాయి.

ఈ వరస తప్పొద్దు

1. డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పొద్దు.
2. ముందు నాణ్యత తగ్గని కాపీ తీయండి. నా మూడు డిస్కులకీ కలిపి 14 జీబీ సరిపోయేది... 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగం కూడా కాదు!
3. ఆ కాపీ నుంచే చిన్న ఎంపీ4 చేసుకోండి.
4. మొదలు, మధ్య, చివర చూడండి. మాటకీ పెదవులకీ పొంతన కుదిరిందా గమనించండి.
5. అసలు కాపీని రెండు చోట్ల దాచండి. డిస్కులు పారేయకండి.

ఒక హెచ్చరిక. ఇదంతా సొంత డిస్కుల గురించే. కొన్న సినిమా డిస్కులకు సాధారణంగా కాపీ తాళం ఉంటుంది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో దాన్ని ఛేదిస్తే, కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా పడొచ్చు.

రెజ్యూమెలో ఎలా పెట్టాలి?

‘వీడియో ఎడిటింగ్ తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. దాని బదులు చిన్న ప్రాజెక్టు చేయండి. ఒకే నిమిషం క్లిప్‌ని హెచ్.264, హెచ్.265, ఏవీ1 మూడింట్లోకీ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మార్చండి. సైజెంత, సమయమెంత అన్నది పట్టిక వేయండి. నాణ్యత కొలవడానికి నెట్‌ఫ్లిక్స్ 2016లో ఓపెన్ సోర్స్ చేసిన వీమాఫ్ ఉంది. స్క్రిప్ట్‌నీ పట్టికనీ గిట్‌హబ్‌లో పెట్టండి. ‘సైజు సగం చేయమంటే ఏం వదులుకుంటావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, చదివిన జవాబు కాకుండా మీరు కొలిచిన జవాబు చెప్పగలరు.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు బీరువా పైఅర ఓసారి వెతకండి. ఇంట్లో రాసుకున్న డీవీడీల్లోని రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. నాన్నమ్మ గొంతో, తాతయ్య నవ్వో అందులో ఉండొచ్చు. ముందు అసలు కాపీ తీయండి. కుదించడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.