బరాత్‌లో తీన్‌మార్: ఆ దరువు వెనక చేతులు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బీజాపూర్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు. లోపలికి తిరిగితే ఎంకపల్లి లాంటి ఊళ్లు. ముహూర్తాల రోజుల్లో ఇటు ఏ ఊరికి పోయినా బరాత్ ముందు డీజే బండి కనిపిస్తుంది. ఆ బండి మీద పెట్టిన పాట సినిమాదైనా, బతుకమ్మదైనా కాసేపటికి తీన్‌మార్ దరువులోకి దిగుతుంది. చాలామంది దాన్ని డీజే మోత అని తీసిపారేస్తారు. నా దృష్టిలో అది ఈ ప్రాంతం తనంతట తాను తయారుచేసుకున్న గట్టి సంగీతం. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆ దరువు ఎట్లా పనిచేస్తుందో చూడాలి.

ఒకటి నుంచి ఆరు దాకా సమానంగా తొడ మీద తట్టండి. ఒకటి మీద, నాలుగు మీద గట్టిగా కొడితే మూడేసి దెబ్బల గుంపులు రెండు వస్తాయి. అదే ఆరింటిలో ఒకటి, మూడు, ఐదు మీద గట్టిగా కొడితే రెండేసి దెబ్బల గుంపులు మూడు వస్తాయి. ఇప్పుడు ఒక చెయ్యి మొదటి లెక్కన, ఇంకో చెయ్యి రెండో లెక్కన ఒకేసారి కొట్టి చూడండి. మొదట తడబడతారు. కుదిరాక మాత్రం భుజం ఆగదు. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒకరి రోకలి లేచిన సందులో ఇంకొకరి పోటు పడుతుంది చూడండి, ఇక్కడ జరిగేది అదే. చెవి ఎదురుచూసిన చోట దెబ్బ పడకుండా పక్కన పడుతుంది, మిగిలిన ఖాళీని ఒళ్లు నింపుతుంది. పాశ్చాత్య సంగీతంలో దీన్ని సింకపేషన్ అంటారు. కర్ణాటక సంగీతంలో పాటను తాళానికి ముందో వెనకో ఎత్తుకునే అతీత, అనాగత గ్రహాలు ఉన్నాయి కాబట్టి ఈ ఊహ మనకు కొత్తది కాదు. 2023లో ఆస్కార్ అందుకున్న కీరవాణి 'నాటు నాటు' నడిచేదీ ఆరు మాత్రల మీదే. తీన్‌మార్ కూడా ఎక్కువగా ఈ నడకలోనే వినిపిస్తుంది.

ఈ నడకకు మనకు బాగా దగ్గరి మూలం డప్పు. కర్ర పలకకు తోలు బిగించి, మంట దగ్గర కాచి, కంగుమని పలికే దాకా వేడిచేస్తారు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర బరువైన దెబ్బ వేస్తుంటే పుల్ల ఆ దెబ్బల నడుమ చిన్నచిన్న ముక్తాయింపులు వేస్తుంది. అంటే రెండు లెక్కలు ఒకేసారి నడిపే విద్య ఒక్క మనిషి రెండు చేతుల్లోనే ఉంది. జాతరకు ఒక దరువు, చావుకు ఇంకొకటి, చాటింపుకు వేరొకటి. ఈ విద్యను తరాలుగా మోసింది మాదిగలు. ఊరికి వాళ్ల డప్పు కావాలి, వాళ్లు మాత్రం ఊరి బయట ఉండాలి. చాలాచోట్ల అది కూలి లేని వెట్టి కూడా. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తుకుంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు దాన్ని జిల్లా జిల్లాకూ తిప్పాయి.

రెండో మూలం చాలామందికి తెలియదు. అది సముద్రం దాటి వచ్చింది.

హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం ఉన్న చోటది. వనపర్తి సంస్థానాధీశుల దగ్గరున్న ఆఫ్రికా సైనికులు 19వ శతాబ్దంలో నిజాంకు చేరారని, ఆ దళం అట్లా పుట్టిందని చెబుతారు. వీళ్లే సిద్దీలు. నగరానికి ఇంకో వైపు, చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికులు స్థిరపడ్డారు. వాళ్లను మనం చావుష్‌లంటాం. ఈ రెండు సమూహాల వాద్యాలూ చేతులూ కలిసిన చోట మర్ఫా పుట్టింది. గిన్నె ఆకారపు మర్ఫా, దఫ్, డోలు, వీటికి తోడు లోహపు బిందెలు. పాడేవాళ్లు ఉండనక్కర్లేదు. తాళం మీద తాళం, దాని మీద ఇంకో తాళం పేర్చుకుంటూ పోవడమే ఆ సంగీతం. ఎన్ని దెబ్బల గుంపు అన్నదాన్ని బట్టి తీన్‌మార్, పాంచ్‌మార్ అని పేర్లు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో కలిసింది, ఆ తర్వాత నిజాం దళాలు రద్దయ్యాయి. కొలువు పోయిన సిద్దీ కుటుంబాల్లో చాలామందికి మర్ఫా బ్యాండే బతుకుతెరువైంది. నాకు ఇక్కడే కథ మలుపు తిరిగినట్టు అనిపిస్తుంది. దళంతో ఉన్న సంగీతం కూలికి పెళ్లిళ్లలోకి దిగింది, ముస్లింల బరాత్‌ల నుంచి హిందువుల బరాత్‌లకు, బోనాలకు, వినాయక నిమజ్జనానికి పాకింది. అక్కడ డప్పుతో ఎదురుపడింది. రెండూ ఒకే ఊరేగింపులో నడిచేటప్పుడు ఎవరి నుంచి ఎవరు ఎంత తీసుకున్నారో గీత గీసి చెప్పలేం.

యంత్రాలు తర్వాత వచ్చాయి. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టాప్యాడ్ తెచ్చింది. మన ఆర్కెస్ట్రాల వాళ్లు దాన్ని పట్టుకున్నాక డోలు, డప్పు శబ్దాలు రబ్బరు పలకల మీదికి వచ్చేశాయి. 1997లో బెల్జియంలో ఫ్రూటీ లూప్స్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది, ఇప్పుడు దాని పేరు ఎఫ్ఎల్ స్టూడియో. ఇలాంటివి చేతికొచ్చాక, డప్పు కొట్టిన నాలుగు క్షణాల ముక్కను కోసి, కంప్యూటర్‌లో తిప్పి తిప్పి వాడి, కింద ఛాతీ అదిరే బేస్ పెట్టి పల్లె కుర్రవాళ్లు సొంతంగా మిక్స్‌లు చేయసాగారు. యూట్యూబ్ వాటిని గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్ల ఫోన్ల దాకా మోసుకుపోయింది. 2022లో 'డీజే టిల్లు' వచ్చేసరికి ఊరి డీజే సినిమా హీరో అయ్యాడు.

సరిగ్గా ఇదే పని ప్రపంచానికి అవతలి వైపున కూడా జరిగింది. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ అనే కుర్రవాడు ఒక పార్టీలో పాటలు వేశాడు. జనం పాటకన్నా నడుమ డ్రమ్స్ ఒంటరిగా మోగే చోటే ఎక్కువ ఊగుతున్నారని అతను పసిగట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని ఆ ముక్కనే సాగదీశాడు. ఆ ముక్క పేరు బ్రేక్. వాటిలో అన్నిటికన్నా పేరుమోసింది 1969లో వచ్చిన 'ఆమెన్, బ్రదర్' అనే పాటలోది. ఆరేడు సెకన్లుంటుంది. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ అందులో చివరి వరసల్లో ఒక దెబ్బను కొంచెం ఆలస్యంగా పక్కకు జరుపుతాడు. 1990ల మొదట్లో లండన్‌లో వలస వచ్చిన నల్లజాతి కుటుంబాల పిల్లలు, వాళ్ల తెల్లజాతి దోస్తులు ఆ ముక్కను కోసి, వేగం పెంచి, జమైకా బేస్ జోడించి జంగిల్ అనే నాట్య సంగీతాన్ని తయారుచేశారు. ఆఫ్రికా చేతుల లయ బానిస ఓడల్లో పడమరకు పోయి న్యూయార్క్, లండన్‌లలో తేలితే, అరేబియా సముద్రం మీదుగా తూర్పుకు వచ్చి హైదరాబాద్‌లో తేలింది. ఈ రెండు దారులను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఇంకా తక్కువే.

వేల పాటల్లో తన దెబ్బలు వాడుకున్నా కోల్‌మన్‌కు రాయల్టీ కింద ఏమీ రాలేదు. 2006లో నిలువ నీడ లేని స్థితిలో పోయాడు. ఆ పాట చేసిన బ్యాండ్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు మాత్రం 2015లో అభిమానులు చందాలు పోగుచేసి సుమారు 24 వేల పౌండ్లు ఇచ్చారు. మన తీన్‌మార్ మిక్స్‌ల కింద చూడండి. డీజే పేరు ఉంటుంది, ఎడిటింగ్ చేసినవాళ్ల పేరు ఉంటుంది, కెమెరా పేరు కూడా ఉంటుంది. ముక్క కోసి తీసుకున్న డప్పు ఎవరిదో చాలావాటిలో ఉండదు. ఆ కళాకారుడు పక్క ఊళ్లోనే ఉండవచ్చు. పేరు రాసి, రికార్డింగ్‌కు కూలి కట్టివ్వడం మిక్స్ చేసేవాళ్లకు ఈరోజే సాధ్యమైన పని.

శబ్దం గొడవ వేరు, అది నిజమైన గొడవే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోగకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండె జబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు స్పీకర్ల గోడ నిలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ తప్పు స్పీకర్లది, వాటిని అంత పైకి తిప్పిన చేతిది. ఆరు మాత్రల్లో రెండు లెక్కలు నడిపే ఆ దరువు తక్కువ శబ్దంలో కూడా అంతే బాగుంటుంది, నిజానికి అప్పుడే చిటికెన పుల్ల చేసే పని చెవికి తెలుస్తుంది.