మేస్త్రీని నమ్ముదాం, ఒప్పందం రాసుకుందాం

నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతాల గని కార్మిక కుటుంబాలకు సొంత ఇల్లు ఒక జీవితకాలపు కష్టఫలం. ఉద్యోగం ఉన్నంతకాలం సింగరేణి క్వార్టరు నీడనిస్తుంది. పదవీ విరమణ తర్వాత దానిని ఖాళీ చేయాలి. అప్పుడు చేతికందిన గ్రాట్యుటీ, భవిష్యనిధి సొమ్ముతోనే రేకుల ఇంటికి స్లాబు వేస్తాం, లేదా పాత ఇంటిపై మరో అంతస్తు లేపుతాం. కాంట్రాక్టరు పనిని మధ్యలో వదిలేస్తే ఆ సొమ్ము మళ్లీ రాదు. హలాల్ సంపాదనతో మొదలైన ఇల్లు వడ్డీ అప్పుతో ముగిసే ప్రమాదం ఉంది.

నైపుణ్యం, నిజాయితీ

మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి సూచించిన యువతి ఆయనలోని రెండు గుణాలను పేర్కొన్నట్లు దివ్య ఖుర్ఆన్ (28:26) తెలుపుతోంది: శక్తి, విశ్వసనీయత. మనం తరచూ ఒక్కదానితోనే తృప్తిపడతాం. నమాజు తప్పనివాడైనంత మాత్రాన సెంట్రింగ్ పని వచ్చినట్లు కాదు. పనిమంతుడైనంత మాత్రాన లెక్క సరిగా చెబుతాడనీ కాదు. అతను మూడు నాలుగేళ్ల క్రితం కట్టిన ఇంటిని వర్షాకాలంలో వెళ్లి చూడాలి. స్లాబు కింద చెమ్మ, స్నానాల గది గోడలు, పగుళ్లు గమనించాలి. గడువు పాటించాడా, మధ్యలో రేటు పెంచాడా అని ఆ ఇంటివారిని అడగాలి. పై అంతస్తు వేసేటట్లయితే పాత పునాది ఆ బరువు మోయగలదా అన్నది వేరొక ఇంజినీరుతో పరీక్ష చేయించాలి.

రాతలో ఉండవలసినవి

దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతు (2:282) అప్పు ఒప్పందాలను సాక్షులతో రాసుకోవటం గురించినదే. అదే స్ఫూర్తి ఇంటి పనికీ వర్తిస్తుంది. "రాద్దామంటే ఏమనుకుంటాడో" అన్న మొహమాటం వద్దు. రాత ఇరుపక్షాలనూ కాపాడుతుంది.

గుత్త కూలి వరకేనా, సామగ్రితో సహానా? సిమెంటు, ఇనుము ఏ రకం? గడువు ఎంత? అదనపు పనికి రేటు ఎంత? నస్పూర్ ఇప్పుడు మంచిర్యాల నగరపాలక సంస్థలో భాగం కనుక అక్కడి అనుమతి బాధ్యత ఎవరిది? ఇవన్నీ రాయాలి. ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు, మండుటెండల్లో 14 రోజులు నీళ్లు పట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ పని ఎవరిదో కూడా కాగితం మీద ఉండాలి.

డబ్బు పని పూర్తయిన దశను బట్టి ఇవ్వాలి: పిల్లర్లు, స్లాబు, ప్లాస్టరింగ్. చివరి వాయిదా లోపాలు సరిచేశాకే ఇవ్వాలి. ప్రతి చెల్లింపుకూ రశీదు తీసుకోవాలి.

మన వంతు

పని సరిగా పూర్తయిన తర్వాత వాయిదా ఆపటం అన్యాయం. కూలివాని చెమట ఆరకముందే వేతనం చెల్లించాలన్నది దైవప్రవక్త (స) బోధన. మనం ఆపిన డబ్బు ఎవరి ఇంట పొయ్యి వెలగకుండా చేస్తుందో గుర్తుంచుకోవాలి.

వివాదం వస్తే ముందు పెద్దల సమక్షంలో సామరస్యానికి ప్రయత్నిద్దాం. ఫలించకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్నీ సేవగానే గుర్తిస్తోంది. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది. అక్కడ మన పక్షాన మాట్లాడేది ఆ ఒప్పంద పత్రమూ, ఆ రశీదులే.