నీటి అడుగున మిణుగురు

కృష్ణకు వరద వచ్చినప్పుడు జూరాల దగ్గర నీళ్ళు చూశారా? మట్టి కలిసి చిక్కటి టీ రంగులో వుంటాయి. మోచేతిదాకా ముంచితే వేళ్ళు కనిపించవు. నాగార్జునసాగర్ వంటి పెద్ద జలాశయంలో మట్టి అడుగుకు చేరి నీళ్ళు కొంత తేరుకున్నా, లోతుకు పోయేకొద్దీ చీకటి కమ్ముతుంది. గేట్ల మరమ్మతుకో, మునిగినవారిని వెదకడానికో వీపున గాలి సిలిండరు కట్టుకొని దిగినవాడికి పక్కనున్న తోడు మనిషే కనిపించడు. కేక వేద్దామంటే నోట్లో గొట్టం. తోడు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని భుజానికో, సిలిండరుకో ఆగి ఆగి మెరిసే దీపం కట్టుకుంటాడు. దీనినే స్ట్రోబు దీపం అంటారు.

నిలకడగా వెలిగే దీపం పెట్టుకోరాదా? పెట్టుకోవచ్చు. కాని సన్నగా కారే పంపు కింద బిందె పెట్టి, నిండగానే ఒక్కసారి కుమ్మరిస్తే ఎట్లా వుంటుంది? స్ట్రోబు చేసే పని అదే. బ్యాటరీ ఇచ్చే శక్తిని కెపాసిటరు ఒక సెకను పాటు కూడబెడుతుంది. తర్వాత జినాన్ వాయువు నింపిన గాజుగొట్టం గుండా క్షణంలో వదులుతుంది. 1 జౌలు శక్తి సెకను పాటు ఖర్చయితే 1 వాటు. సెకనులో వెయ్యో వంతులో ఖర్చయితే 1000 వాట్లు! పైగా వెలిగి ఆరే వెలుగును కన్ను ఇట్టే పసిగడుతుంది. చీకట్లో మిణుగురును చూడండి. ఈనాడు చాలా దీపాలలో జినాన్ గొట్టానికి బదులు ఎల్.ఇ.డి.లు వాడుతున్నారు.

అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలో యీ మెరుపును ఫోటోలు తీయడానికి వాడుకలోకి తెచ్చాడు. 1950లలో సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తోతో కలిసి దానిని సముద్రం లోతుకు దింపాడు.

ఇక అసలు చిక్కు నీళ్ళతోనే. ప్రతి 10 మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలో బరువు పెరుగుతుంది. దీపం ముందరి అద్దం అడ్డకొలత 7 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 38.5 చ.సెం.మీ. 30 మీటర్ల లోతున దానిమీద పడే బరువు 115 కిలోలు. రెండు సిమెంటు బస్తాల కన్నా ఎక్కువన్నమాట! అందుచేత దీపం కొనేటప్పుడు వెలుగు కంటే ముందు, అది ఎంత లోతుకు తట్టుకుంటుందో చూడాలి. 30 మీటర్లు దిగేవాడు అంతకు మించిన లోతుకు తగిన దీపమే తీసుకోవాలి. వాన తడిని తట్టుకునే టార్చి ఇక్కడ పనికిరాదు.

నీటిని లోనికి రాకుండా ఆపేది ఖరీదైన అద్దం కాదు, మూత దగ్గరుండే చిన్న రబ్బరు వలయం. దాన్ని ఓ-రింగు అంటారు. కుక్కరు మూతకు రబ్బరు వున్నట్లే. కుక్కరులో ఆవిరి లోపలినుండి తోస్తుంది. ఇక్కడ నీరు బయటినుండి తోసి రబ్బరును సందులోకి ఇంకా బిగిస్తుంది. అయితే ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుకరేణువు వలయం మీద పడిందా, అదే నీటికి దారి. కనుక మూత తీసినప్పుడల్లా వలయాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూడాలి. తయారుచేసినవారు చెప్పిన గ్రీజునే పలచగా రాయాలి. ఇంట్లో వున్న నూనె రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి.

బురదనీటిలో ఇంకో తమాషా వుంది. చిన్న టార్చిని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఎర్రమట్టి కలిపిన బకెట్టు నీటిలో వెలిగించండి. వెలుతురు దూరం పోదు, చుట్టూ పొగమంచులా పరుచుకుంటుంది. మట్టి రేణువులు కాంతిని అన్ని వైపులకూ చెదరగొట్టడమే కారణం. అందుకే స్ట్రోబును ముఖానికి దగ్గరగా కట్టుకోరు. కట్టుకున్నవాడి కళ్ళే చెదురుతాయి. (ఈ ప్రయోగానికి బకెట్టు చాలు, కాలువలో దిగకండి.)

పని ముగిశాక దీపాన్ని మంచినీటిలో కడిగి, బయట పూర్తిగా ఆరిన తరువాతనే మూత తీయాలి. చాలా రోజులు వాడకుంటే బ్యాటరీలు తీసేయాలి. లేకుంటే రసం కారి లోపలి రేకులు తుప్పు పడతాయి. జినాన్ దీపం చెడితే మాత్రం విప్పి చూద్దామనుకోవద్దు. బ్యాటరీ తీసినా కెపాసిటరులో వందల వోల్టులు మిగిలి వుండవచ్చు.