సినిమా ఎగ్గొట్టిన ఊరి లడాయి

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో సినిమా చూసినోళ్లకు యాదుండే ఉంటది. ఉంగరం అగ్గిల పడ్డంక నలుగురు హాబిట్లు ఇంటికొస్తరు. ఊరు ఎట్లుండెనో అట్లనే ఉంటది. బీరు గ్లాసులు పట్టుకొని కూసుంటరు, అంతే.

1955ల అచ్చయిన టోల్కీన్ నవలల గిట్ల ఉండదు. వాళ్లొచ్చేసరికి ఊరు ఊరోళ్ల చేతులనే లేదు. లోథో అనే సొంతూరాయనే ముందుగాల పొలాలు, మిల్లులు కొంటడు. బయటి గూండాలను దింపుతడు. అందరికి పంచుతమని పంట జమజేసుకపోతరు, తిరిగొచ్చేది శానా తక్వ. చెట్లు నరుకుతరు, కొత్త మిల్లు వాగును ఖరాబు జేస్తది, ఎదురు మాట్లాడితే జైలే. ఆఖరికి మాంత్రికుడు సరుమాన్ వచ్చి అన్నిటి మీద కూసుంటడు. ఈ వరస మనకేమన్న కొత్తనా?

నలుగురు వీరులే ఊరిని విడిపించలే. మెర్రీ కొమ్ము ఊదితే రైతులు గొడ్డళ్లు, సుత్తెలు, కట్టెలు పట్టుకొని బయటికొస్తరు. 19 మంది హాబిట్లు పానాలిస్తరు. ఆయుధాలు కింద పడేసినోళ్లను సంపొద్దని ఫ్రోడో అడ్డం నిలబడ్తడు.

2003ల పీటర్ జాక్సన్ ఇదంతా తీసేసిండు. మొదటి సినిమాల గలాడ్రియల్ అద్దంల ఊరు కాలుతున్నట్టు ఒక్క తునక సూపెట్టిండు, గంతే. పట్టాభిషేకం అయినంక మల్లొక లడాయంటే జనం కూసుంటరా అనే లెక్క నాకు సమజైతది. గని అట్లైతే దుర్మార్గమంత ఎక్కడో దూరం దేశంలనే ఉన్నట్టాయె.

నవల చివర్ల సామ్ నరికిన చెట్ల జాగల మొక్కలు నాటుకుంట తిరుగుతడు. సినిమాల ఆయనకు ఆ పనే లేకపాయె.