పులికాట్‌లో తెరచుకొన్న ద్వారం

భర్తృహరి సుభాషితాలు ఐరోపా భాషలో తొలిసారి అచ్చయినది 1651లో, హాలెండు దేశపు లైడెన్ నగరంలో. వాటికి దారి చూపినది మన పులికాట్ తీరం. అక్కడి డచ్చివారి గెల్డ్రియా కోటలో 1630లలో క్రైస్తవ మతాచార్యుడుగా ఉన్న అబ్రహాం రోజర్, పద్మనాభుడనే బ్రాహ్మణుని ఆశ్రయించి మన ఆచారాలను, వ్రతాలను, దేవతారాధనను అడిగి తెలుసుకొన్నాడు. ఇరువురికీ వారధి పోర్చుగీసు భాష. నీతి, వైరాగ్య శతకాల భావాన్ని పద్మనాభుడు ఆ భాషలో వివరించగా రోజర్ డచ్చిలో వ్రాసుకొన్నాడు. గ్రంథం వెలువడక మునుపే, 1649లో ఆయన కాలం చేశాడు.

‘నిగూఢ అన్యమతానికి తెరచిన ద్వారం’ అని దాని పేరు. డచ్చిలో ఆ ‘అన్యమతం’ అన్న మాటకు చులకన అర్థం లేకపోలేదు. అయినా తనకు బోధించినవాని పేరును దాచక గ్రంథంలో నిలిపిన నిజాయితీ మెచ్చదగినది. శృంగార శతకం మాత్రం అందులో చేరలేదు. మతాచార్యుని యెదుట దానిని విప్పడానికి పద్మనాభుడే సంకోచించాడేమో!