లెక్కకు వచ్చే సంవత్సరాలు

వార్ధక్యం ఎవరికీ తప్పదు. ఆ దశలో మనిషి పరాధీనుడు కాకూడదన్న సంకల్పంతో విలియం బెవరిడ్జ్ 1942లో బ్రిటన్ ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. దాని ఆధారంగా 1946లో జాతీయ బీమా చట్టం రూపొందింది.

ఈ విధానంలో పింఛను దయాధర్మం కాదు. ఏటేటా ఆర్జించుకొనే హక్కు. ఏప్రిల్ 6 నుండి మరుసటి ఏప్రిల్ 5 వరకు ఒక సంవత్సరం. ఆ కాలంలో నిర్ణీత ఆదాయంపై బీమా చందా చెల్లితే అది ‘అర్హ సంవత్సరం’ అవుతుంది. 2016 ఏప్రిల్ తరువాత చందా ప్రారంభించినవారికి పూర్తి పింఛను రావాలంటే అట్టి సంవత్సరాలు 35 ఉండాలి. ఇరవై ఉంటే ముప్పైఅయిదింట ఇరవై వంతులే లభిస్తుంది. పదికి తక్కువైతే సాధారణంగా ఏమీ రాదు. తొమ్మిదేళ్లు అక్కడి ఆసుపత్రిలో శ్రమించి స్వదేశానికి మరలదలచిన తెలుగు నర్సు ముందుగా ఈ లెక్క చూసుకోవడం అవసరం. తప్పిపోయిన సంవత్సరాలను నిబంధనలకు లోబడి స్వచ్ఛంద చందాతో పూరించవచ్చు. ఆ అవకాశం సాధారణంగా గడచిన ఆరేళ్లకే పరిమితం.

ఉద్యోగం మాని పన్నెండేళ్లలోపు బిడ్డను పెంచే తల్లి, అర్హత ఉండి శిశుభృతికి దరఖాస్తు చేసుకొంటే, చందా చెల్లించకున్నా ఆ సంవత్సరాలు ఆమె ఖాతాలో చేరుతాయి. దరఖాస్తు మరచిన తల్లి ఆ ఫలాన్ని కోల్పోవచ్చు. బిడ్డల పెంపకాన్ని కూడ శ్రమగా గుర్తించడం ఈ విధానంలోని విశిష్టత.