తెర మీది మూడంకెలు ఏం చెబుతున్నాయి?

కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలోని మా గౌనిపల్లిలో ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో కన్నడం, కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు. వీటికి తోడు 404, 503 అంటూ అప్పుడప్పుడూ ఎదురయ్యే అంకెల భాష ఒకటుంది. ఫీజులు, దరఖాస్తులు, పరీక్షా ఫలితాలు అన్నీ ఇంటర్నెట్‌లోకి వచ్చేశాక ఆ భాష ఇంటిల్లిపాదికీ తెలియడం మంచిది.

మనం ఒక పేజీ కావాలని అడిగినప్పుడు, అది ఉన్న కంప్యూటర్ (దాన్నే సర్వర్ అంటారు) మూడంకెల జవాబు ఇస్తుంది. పని సవ్యంగా జరిగితే ఆ అంకె మనకు కనిపించదు. వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో రూపొందించారు. ఈ అంకెల పద్ధతి 1996లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రంలోనే ఉంది.

మొదటి అంకె చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. 2 అయితే పని జరిగింది. 3 అయితే సాధారణంగా వేరే చోటికి వెళ్లమని. 4 అయితే అడిగినదానిలో ఏదో తేడా ఉందని. 5 అయితే తప్పు మనది కాదు, సర్వర్ వైపే ఇబ్బంది.

ఊళ్లో ఒకరింటికి వెళ్లామనుకోండి. ‘‘రండి, కూర్చోండి’’ అంటే 200. ‘‘వాళ్లు చింతామణికి మారిపోయారు, ఇదిగో చిరునామా’’ అంటే 301. ‘‘ముందు మీరెవరో చెప్పండి’’ అంటే 401. ‘‘ఎవరైనా సరే, లోపలికి రానివ్వం’’ అంటే 403. ‘‘అలాంటివాళ్లు ఇక్కడ లేరే’’ అంటే 404. ‘‘ఉండేవాళ్లు, పూర్తిగా వెళ్లిపోయారు’’ అంటే 410. ఇంట్లోనే ఏదో గందరగోళమైతే 500. ‘‘ఇప్పుడు తీరిక లేదు, కాసేపాగి రండి’’ అంటే 503.

404 చూసి మన కాగితాలే పోయాయని పెద్దవాళ్లు కంగారుపడుతుంటారు. ఆ చిరునామాలో పేజీ లేదని మాత్రమే దాని అర్థం. ఒక అక్షరం తప్పు పడినా, సైట్ వాళ్లు పేజీ చోటు మార్చినా అదే వస్తుంది. సైట్ మొదటి పేజీకి వెళ్లి వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది 504తో. ముందున్న సర్వర్ వెనకనున్న సర్వర్‌ను అడిగింది, గడువులోగా జవాబు రాలేదు. వెనక పని జరిగిందో లేదో ఈ అంకె చెప్పదు. మా పక్కింటి అత్త మనవరాలు ఒక కాలేజీకి దరఖాస్తు ఫీజు కడుతుంటే ఇదే వచ్చింది. అది ఆఖరి రోజు. ‘‘మళ్లీ నొక్కమ్మా’’ అని వాళ్ల నాయన తొందరపెట్టాడు. ‘‘ఆగన్నా, ముందు బ్యాంకు ఖాతా చూద్దాం’’ అన్నాను. డబ్బు అప్పటికే పోయి ఉంది. అరగంట తర్వాత మళ్లీ లాగిన్ అయితే రశీదు కనిపించింది. తొందరపడి ఉంటే రెండుసార్లు కట్టి, ఒకసారి కట్టినదాని కోసం నెలల తరబడి తిరగవలసి వచ్చేది.

అసలు అంకే రాకుండా సైట్ తెరుచుకోకపోతే, ముందు మన నెట్ చూసుకోవాలి. అంకె వచ్చిందంటే మన మాట అవతలికి చేరినట్టే. అప్పుడు ఆ అంకెను, సమయాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫిర్యాదు చేయవలసి వస్తే ‘‘సైట్ పనిచేయలేదు’’ అనడం కన్నా అది ఎంతో మేలు చేస్తుంది.